ఇదివరకటి లాంటిదే ఇంకొకటి

మా యోయిత ఊళ్ళో పనివాళ్ళు ఒకరినొకరు మెచ్చుకోరు. ఉలి బాగుంటే వడ్రంగి వచ్చి బాగుందని చెప్పడు. అది అరిగిపోయాక వచ్చి ఇంకొకటి చెయ్యమంటాడు. పొగడ్త అంటే అదే. బాగోకపోతే మళ్ళీ రాడు. కమ్మరి కూడా ఎదురుపడ్డప్పుడు "మా ఉలి ఎలా ఉందండీ?" అని అడగడు. అడిగితే పరువు పోయినట్టే లెక్క. ఇంత మొండి పద్ధతి ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలీదు గానీ, ఇక్కడ పుట్టినవాళ్ళం తాతల నాటి నుంచీ దీన్నే మర్యాద అనుకుంటున్నాం.

ఆ మర్యాదే మా నాన్న కొలిమిని ఆర్పేసింది.

నాన్న పేరు కిసబురో. ఉలులు చేసేవాడు. ఆయనకి నలభై మూడేళ్ళప్పుడు హోషిబా మేస్త్రి మా కొలిమికి వచ్చి అంగుళం వెడల్పు ఉలి ఒకటి చేయించుకున్నాడు. హోషిబా అంటే గుళ్ళు కట్టే వడ్రంగి. ఆయన చేతిలో ఎవరి ఉలి కనిపిస్తే ఆ కమ్మరికి ఇక తిరుగులేదు. ఆ రోజు అమ్మ శుభకార్యాలకి వండినట్టు ఎర్ర చిక్కుళ్ళు వేసి అన్నం వండింది. గుడి పనిలో రోజూ వాడే ఉలి నాలుగేళ్ళకి అరిగిపోతుంది. ఈ సంగతి మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. నాన్న నాలుగేళ్ళు ఆగాడు. మేస్త్రి రాలేదు. ఐదో ఏడూ రాలేదు, ఆరో ఏడూ రాలేదు. పన్నెండేళ్ళు వీధి చివరి వైపు చూసి చూసి, ఒక అక్టోబరు ఉదయం కొలిమి ఆర్పేశాడు. బోర్డు దింపాడు, ఇనుము పెట్టి కొట్టే దాగలి మీద గోనె కప్పాడు, బడి బస్సు నడిపే పనిలో చేరాడు. అమ్మతో అన్నది ఒక్కటే మాట: "నా ఉక్కు మంచిది కాదు."

ఇది జరిగి ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడాయనకి ఎనభై మూడు. అమ్మ లేదు. నేను ఆయన ఒక్కగానొక్క కూతుర్ని, తొయొమిని. యాభై ఏడేళ్ళదాన్ని.

నేనూ ఇనుముతోనే బతుకుతున్నాను గానీ నా దారి వేరు. రెండు మూడు రకాల ఉక్కుని పొరలుగా పేర్చి, కాల్చి, అతికి, సాగదీసి, మడిచి మళ్ళీ కాలుస్తాను. చివర్న యాసిడ్‌లో ముంచితే లోపలి పొరలన్నీ నలుపూ తెలుపూ గీతలుగా పైకి తేలతాయి. అలా పళ్ళేలు, పెట్టెలు, గోడకి తగిలించుకునే పలకలు చేస్తాను. పెద్ద ఊళ్ళలో ప్రదర్శనలకి పెడతారు, జనం వచ్చి మెడలు పక్కకి వంచి మరీ చూస్తారు. నాన్న మాత్రం దీన్ని "ఉక్కుకి పౌడర్ రాయడం" అంటాడు. ఇంటి వెనక పాత షెడ్డులో నా కొలిమి పెట్టుకుని పద్దెనిమిదేళ్ళయింది. ఆయన దాగలినే గోనె కింద నుంచి తీసి వాడుకుంటున్నాను. "అన్నం చల్లారిపోతోంది" అని గడప బయట నుంచి అరిచి వెళ్ళిపోవడమే తప్ప, ఒక్కనాడూ లోపల అడుగుపెట్టలేదు మహానుభావుడు.

జనవరిలో ఒక పొద్దున హోషిబా మేస్త్రి భార్య ఫుకికో గారు మా ఇంటికొచ్చింది. మేస్త్రి పోయి పది నెలలు. ఆవిడకి ఎనభై ఏళ్ళు. పిల్లలు మంచులో లాక్కునే జారుడు బండి మీద ఒక చెక్కపెట్టె కట్టుకుని, తాడు భుజానేసుకుని ఊరవతలి నుంచి నడిచొచ్చింది.

"పిన్నిగారూ, ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదా!" అన్నాను.

"ఎందుకు, నాకు కాళ్ళు లేవా? ఆయన బతికుండగా ఈ పెట్టె మీద చెయ్యేస్తే నా చెయ్యి విరిచేవాడు. ఇప్పుడు చూడు, ఊరంతా ఈడ్చుకొచ్చాను, నోరెత్తలేదు" అని నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకుంది.

పెట్టె నిండా ఉలులు. వాటన్నిటినీ కలిపి ఒక్క పళ్ళెం చెయ్యమంది. మార్చి పన్నెండున సంవత్సరీకం. ఆ లోపల కావాలంది.

"ఆయన ఫోటో ముందు ఎండబెట్టిన పండ్లు పెట్టుకోడానికే. ఆయనకి అవంటే ప్రాణం."

"ఇంత మంచి పనిముట్లు కాల్చెయ్యడమెందుకు పిన్నిగారూ? శిష్యులకివ్వచ్చు కదా."

"వాళ్ళ ఉలులు వాళ్ళకున్నాయి. అమ్మితే ఎవడో తీసుకెళ్ళి గోడకి తగిలించుకుంటాడు. అది ఆయనకి నచ్చదు. నీ దగ్గరైతే మంటలో కలుస్తాయి. దానికి ఆయన ఒప్పుకుంటాడు."

ఆవిణ్ణి వెచ్చగా కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపేశాక, పెట్టె బల్ల మీద బోర్లించాను. నిజం చెప్పాలంటే ఆ పని శ్రద్ధగా చెయ్యలేదు, ఆబగా చేశాను. నేను వెతికింది ఒక్కదాని కోసమే. నాన్న గుర్తు మూడు పైన్ ఆకుల బొమ్మ. దాన్ని ఉలి అలుగు మీద, మెడకి దగ్గరగా కొట్టేవాడు. ఇరవై మూడు ఉలులున్నాయి. ఒక్కొక్కదాన్నీ కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాను. అన్నీ పేరున్నవాళ్ళవే. పైన్ ఆకులు ఎక్కడా లేవు.

పారేశాడన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయినాయన్ని తిట్టకూడదని తెలిసీ, గట్టిగానే తిట్టాను. మంచిది కాకపోతే పోనీ, ఒక మూలన ఉంచుకుంటే ఆయన సొమ్మేం పోయింది?

పెట్టెలో దుమ్ము దులపబోతే అడుగున ఇంకో పలక ఉన్నట్టు తెలిసింది. దాన్ని ఎత్తితే కింద నూనె కాగితం చుట్టిన చిన్న పొట్లం. విప్పాను. బొటనవేలంత ఇనుప ముక్క, దానికి చేతి చెమటకి నల్లబడ్డ పిడి. ఉలి అని అనుకుంటే తప్ప ఉలిలా లేదు. మేస్త్రి దాన్ని నూరి నూరి, అలుగంతా అరగదీసి, చివరికి కమ్మరి గుర్తు దాకా వచ్చేశాడు. మూడు ఆకుల్లో ఒకటిన్నర మిగిలాయి. ఆ ఒకటిన్నరా నాకు చాలు.

ఉలి బతికినన్నాళ్ళు బతికి ఇలా పోవాలని ఏ కమ్మరైనా కోరుకుంటాడు. మిగతా ఇరవై మూడూ ఇంకా వేలెడు పొడవున్నాయి. అరిగిపోయింది ఇదొక్కటే.

పొట్లంలోనే నాలుగు మడతల కాగితం ఒకటుంది. వడ్రంగి పెన్సిలుతో రాసింది. "కిసబురో గారికి. అంగుళం ఉలి ఒకటి. ఇదివరకటి లాంటిదే." కింద తారీకు. నవంబరు ఎనిమిది, నాన్న కొలిమి ఆర్పేసిన ఏడాదిదే. లెక్కేస్తే, ఆర్పేసిన మూడు వారాలకి.

మర్నాడు ఫుకికో గారింటికి వెళ్ళాను. కాగితం చూపించాను.

"ఆ రోజు నాకు బాగా గుర్తు" అంది. "కొలిమితిత్తుల పండగ కదా, మీ కమ్మరివాళ్ళెవ్వరూ ఆ రోజు మంట వెయ్యరు. మా ఆయన కమలాపళ్ళు పట్టుకుని మీ ఇంటికి వెళ్ళాడు, పండగ మర్యాదా అవుతుంది, ఉలి సంగతీ చెప్పొచ్చని. పళ్ళు చేతిలో అలాగే పట్టుకుని తిరిగొచ్చాడు. ఏమైందని అడిగితే, అక్కడ మంట లేదన్నాడు. పండగ కదండీ, రేపు వెళ్ళండి అన్నాను. 'రేపూ ఉండదు. బోర్డు కూడా లేదు' అన్నాడు. ఆ పళ్ళు మేమే తిన్నాం. పుల్లగా ఉన్నాయి."

"ఒక్క మాట నాన్నతో చెప్పలేకపోయారా?"

"నేనూ అదే అన్నాను. 'మానేసినవాడి దగ్గరికెళ్ళి ఉలి అడిగితే, కాలు విరిగినవాణ్ణి పరిగెత్తమన్నట్టుంటుంది' అన్నాడు. ఏదో పెద్ద కష్టం వచ్చి మానేశాడనుకున్నాడు మనిషి. ఆ ముక్కతోనే ఇంకా నాలుగేళ్ళు చెక్కల ఇరుకు సందుల్లో పని చేసుకున్నాడు."

"మరి పన్నెండేళ్ళు ఎందుకు రాలేదు?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "అరగందే ఎలా వస్తాడే? మిగతావన్నీ నాలుగేళ్ళకోసారి మార్చాడు. మీ నాన్నది అరగలేదు. 'ఇది నన్ను పాతిపెట్టాక కూడా ఉండేలా ఉంది' అని తిట్టుకునేవాడు కూడాను."

తిరిగొచ్చే దారంతా అదే తలుచుకున్నాను. ఆయన ఉక్కు మామూలుగా ఉండుంటే మేస్త్రి నాలుగేళ్ళకి వచ్చేవాడు. మా కొలిమి వెలుగుతూనే ఉండేది. మరీ మంచిది కావడం వల్ల ఆరిపోయింది. ఎనభై మూడేళ్ళ మనిషికి ఈ మాట ఎలా చెప్పడం? చెప్తే సంతోషిస్తాడా, లేక కొలిమి ఆర్పుకుని ఇన్నేళ్ళు దండగ చేసుకున్నానని కుంగిపోతాడా? చెప్పకుండా ముక్కని మంటలో వేసేస్తే, నా ఉక్కు మంచిది కాదు అనుకుంటూనే పోతాడు. అది మాత్రం నేను భరించలేను.

మధ్యాహ్నం నాన్న నూడుల్స్ తింటుంటే, ముక్కని ఆయన గిన్నె పక్కన పెట్టాను.

"ఏంటిది?"

"చూడు."

కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. గుర్తు వంక చూడలేదు. ఉలిలో మెత్త ఇనుమూ, పదును కోసం దానికి అతికే ఉక్కూ కలిసే గీత మీద గోరు పెట్టి మెల్లగా లాగాడు.

"ఎడమపక్క ఉక్కు కొంచెం పల్చబడింది" అన్నాడు.

"ఎవరిదో తెలిసిందా?"

"చేసినవాడికి తెలీదా?"

కాగితం ఇచ్చాను. ఫుకికో గారు చెప్పిందంతా, ఒక్క ముక్క తగ్గించకుండా, పెంచకుండా చెప్పాను. కాగితం రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"నూడుల్స్ మెత్తబడిపోతాయి" అని, గిన్నె ఎత్తి రసంతో సహా తాగేశాడు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఇరవై ఎనిమిదేళ్ళు నాన్నా! నువ్వు వెళ్ళి ఒక్క మాట అడిగుంటే?"

"అడుగుతారా ఎవరైనా?"

"పోనీ ఆయన వచ్చి ఒక్క మాట చెప్పుంటే?"

"చెప్తారా ఎవరైనా?"

ముక్కా కాగితమూ చొక్కా జేబులో వేసుకుని టీవీ ముందు కూర్చున్నాడు. కుస్తీ పోటీలు వస్తున్నాయి. ఎవరు గెలిచినా ఓడినా ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

రెండు రోజులు గడిచాయి. ముక్క తిరిగివ్వలేదు. నేనూ అడగలేదు, నాదీ ఆ రక్తమే కదా. మిగతా ఇరవై మూడింటి పిడులూడదీసి, తుప్పు గీకి, నా మామూలు ఉక్కు రేకులు మధ్యమధ్యలో వేసి కట్ట కట్టాను. వెలిగారం చల్లి కాల్చి, మోటారు సమ్మెట కింద అతికాను. సాగదీసి మడిచాను. మూడో రోజు పొద్దున, చివరి మడత కోసం దిమ్మని సగానికి కోసి మంట పెంచుతుంటే, వెనక తలుపు కిర్రుమంది.

నాన్న గడప దాటి లోపల నిలబడున్నాడు. కాళ్ళకి మంచు బూట్లు, నడుముకి ఎప్పటిదో తోలు గుడ్డ. అది ఇంకా ఇంట్లోనే ఉందని నాకు తెలీదు.

"ఎంత వేడి?" అన్నాడు.

వేడి చూపించే మీటరు వైపు చెయ్యి చూపించాను.

"ఆ అంకెలు నీ ఉక్కుకి. నాది ఈ వేడికి మాడిపోతుంది. చక్కెర పాకం ముదిరితే ఎలా ఉంటుందో అలా. తగ్గించు."

జేబులోంచి ముక్క తీశాడు. పిడి లేదు. ఉక్కు పొరని మెత్త ఇనుము నుంచి విడదీసి, సాన పట్టి, రేకులా తయారు చేసుకొచ్చాడు. ఈ రెండు రోజులూ స్నానాలగదిలో గరగర చప్పుడు దేనికో అప్పుడు అర్థమైంది.

"నాన్నా, నీది ఇదొక్కటే మిగిలింది. దాచుకోకూడదూ?"

"అరిగిపోయిన ఉలిని దాచుకుని ఏం చేస్తాను? పెట్టెతో వచ్చింది, పెట్టెతోనే పోవాలి. మిగతావన్నీ లోపలుండి ఇదొక్కటీ నా అల్మారాలో కూర్చుంటే, మేస్త్రి వెతుక్కోడూ?"

కోసిన రెండు సగాల మధ్యా ఆ రేకు పెట్టాడు, ఒక్క పొరగా. కిటికీలకి దుప్పట్లు కట్టమన్నాడు. వెలుతురుంటే మంట రంగు అబద్ధం చెప్తుందట. చీకట్లో ఇనుము ఎర్రబడింది, నారింజ రంగుకి వచ్చింది. నేనైతే ఇంకా ఆగుతాను. అంత తక్కువ వేడికి అతుకు పడుతుందని ఏ పుస్తకంలోనూ లేదు. కాస్త ఎక్కువైతే నిప్పురవ్వలు లేస్తాయి, లేచాయంటే ఆ ఉక్కు బూడిదే. ఇంకొకటి లేదు. 

"మోటారు ఆపు. చేత్తో కొట్టు" అని, పట్టకారుతో దిమ్మ తీసి దాగలి మీద పెట్టి, చిన్న సుత్తితో ఒకసారి టక్కుమనిపించాడు. నేను సమ్మెట ఎత్తి అక్కడే కొట్టాను. ఆయన ఇంకోచోట టక్కుమనిపించాడు. అక్కడ కొట్టాను. సుత్తి తేలిగ్గా పడితే తేలిగ్గా, గట్టిగా పడితే గట్టిగా. చివర్లో సుత్తి దాగలి పక్కకి జారి మోగింది, నేను ఆగాను. ఆ భాష నాకెవరూ నేర్పలేదు. చిన్నప్పుడు రోజూ పక్క మీద పడుకుని విన్నాను, అంతే.

మూడుసార్లు కాల్చి కొట్టేసరికి అయిపోయింది. ఒక్క రవ్వ కూడా లేవలేదు. నాన్న దిమ్మని అటూ ఇటూ తిప్పి, అతుకు మీద కళ్ళు పెట్టి చూసి, "ఊఁ" అన్నాడు. సుత్తి దాగలి మీద పెట్టి, తోలు గుడ్డకి చేతులు తుడుచుకున్నాడు. 

ఫిబ్రవరి ఆఖర్లో పళ్ళెం యాసిడ్‌లో ముంచే రోజున, పిలవకుండానే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"పౌడర్ రాసేది ఇప్పుడేనా?"

"ఇప్పుడే. తుమ్మకు."

బూడిద రంగు పళ్ళెం మెల్లమెల్లగా గీతలు దేరింది. ఇరవై మూడు ఉలులు సన్నటి పొరలుగా ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. వాటి మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకి నల్లటి గీత ఒక్కటి. అన్నిటికంటే గట్టి ఉక్కు అన్నిటికంటే నల్లగా తేలుతుంది. నాన్న చాలాసేపు వంగి చూశాడు.

"మా పనిలో లోపల ఏం జరిగిందో ఎవరికీ కనపడదు. నీదాంట్లో అంతా బయటపడిపోతుందే. భయం వెయ్యదూ?"

"వేస్తుంది. ప్రతిసారీ."

"ఊఁ" అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో నా పనిని పనిగా లెక్కేసి ఆయన అన్న మొదటి మాట అది. నాకు ఇక ఏ ప్రదర్శనలోనూ ఎవరూ ఏమీ అనక్కర్లేదనిపించింది.

మార్చి పదిన ఫుకికో గారు షెడ్డుకే వచ్చింది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, చూపుడువేలితో గీతల మీద తడుముతూ, "ఇందులో మీదేదండీ?" అని నాన్నని అడిగింది.

నాన్న వంగి నల్లగీత మీద గోరు పెట్టాడు. "ఇది. ఇక్కడ కాస్త వంకర పోయింది."

"ఆయన మీతో ఒక్క మాటైనా చెప్పాల్సింది. నేనే వెంటపడి పంపాల్సింది" అని ఆవిడ ఏడ్చేసింది.

"చెప్పారుగా" అన్నాడు నాన్న.

ఆయన చూపు వెంట నేనూ చూశాను. నా కొలిమి గోడకి ఒక మేకు ఉంది. చెయ్యాల్సిన పనుల కాగితాలన్నీ దానికి గుచ్చుతాను. వాటన్నిటి చివర, వరస తప్పకుండా, నాలుగు మడతలు విప్పిన మేస్త్రి కాగితం వేలాడుతోంది. ఎప్పుడు గుచ్చాడో నాకు తెలీదు.

ఫుకికో గారు లేచి దగ్గరికెళ్ళి చదువుకుంది. మొగుడి రాత మీద చెయ్యి వెయ్యబోయి ఆగింది. తర్వాత కొంగు సర్దుకున్నట్టు మెడ చుట్టూ ఉన్న శాలువా సర్దుకుని, నాన్న వైపు తిరిగి, కమ్మరి దగ్గరికొచ్చిన వడ్రంగి భార్య ఎలా నిలబడాలో అలా నిలబడి తల వంచింది.

"మరి, ఉలి కోసం ఎప్పుడు రమ్మంటారు?"

నాన్న బొగ్గుల వైపు చూశాడు, దాగలి వైపు చూశాడు, చివరికి నా భుజాల వైపు చూశాడు. సమ్మెట కొట్టేది నేనే కదా.

"వచ్చే నెల పదో తారీకున రండమ్మా" అన్నాడు. "ఈసారి ఆలస్యం కానివ్వను."